జంట గడప

ముత్యాలదీవిలో ఏ ఇంటి తలుపు మీదా ఆ ఇంటి గుర్తు ఉండదు. చేప బొమ్మ చెక్కిన తలుపు తడితే లోపల తాబేలు ఇంటివాళ్ళు పలుకుతారు. తాబేలు బొమ్మ వెతుక్కుంటూ వెళితే వీధి చివర చేప ఇంటివాళ్ళు కూర్చోబెట్టి మజ్జిగ ఇస్తారు. పరదేశపు వర్తకులు మొదటిసారి వచ్చినప్పుడు ఎండలో తిరిగి తిరిగి, ఈ ఊరి వడ్రంగులకు మతి లేదని తిట్టుకుంటారు.

వడ్రంగుల తప్పేమీ లేదు. పూర్వం ఆ దీవి మీదికి పెద్ద ఉప్పెన వచ్చింది. ఆ రోజు ప్రతివాడూ తన ఇంటికే పరుగెత్తాడు. వీధులు కిక్కిరిసిపోయాయి. బలమైన కొడుకులున్న ఇళ్ళు బతికాయి. ముసలివాళ్ళూ ఒంటరివాళ్ళూ ఉన్న ఇళ్ళ నుంచి కేక కూడా బయటికి రాలేదు. నీళ్ళు తీశాక మహారాణి ఫేనమాలిక ఒక శాసనం చేసింది. ఉప్పెన రోజున ఎవరి ఇల్లూ వారిది కాదు. ప్రతి గడపకూ ఒక జంట గడప ఉంటుంది. ఆ జంట ఇంటి గుర్తునే తలుపు మీద చెక్కుకోవాలి. శంఖం మోగగానే ఎవరైనా ఆ జంట గడపకే పోవాలి, అక్కడివాళ్ళనే గట్టెక్కించాలి. ఆపద వేళకు కావలసిన అటుకులు, బెల్లం, పొడిబట్ట, నారతాడు ఉన్న మూటను కూడా ఎవరికి వారు కట్టుకోకూడదు. జంట ఇంటివాళ్ళే కట్టి ఇవ్వాలి. నీ ప్రాణం పక్కవాడి ముడిలో ఉందని తెలిస్తే పక్కవాడితో పోట్లాట తగ్గుతుందని ఆ తల్లి అనుకున్నది.

ఊరి వెనక ఏనుగు పడుకున్నట్టు ఎత్తయిన గట్టు, దాని చుట్టూ రాతిగోడ, గోడకు ఒకే ఒక వాకిలి. వాకిలి కావలివాడు వచ్చిన ప్రతి ఒక్కరినీ ఒకే ప్రశ్న అడుగుతాడు: "మీ జంట గడప ఖాళీయేనా?" ఖాళీ అని చెప్పలేనివాడికి లోపలికి దారి లేదు. ఏటా సాధన పున్నమి నాటి ఉదయం శంఖం ఊదుతారు, ఊరంతా ఉప్పెన వచ్చినట్టే పరుగెత్తుతుంది. అందరికంటే చివర చేరిన ఇంటివాళ్ళు ఏడాది పొడుగునా గట్టు ఊడ్వాలి. అందుకని జనం నవ్వుకుంటూనే అయినా నిజంగా పరుగెత్తుతారు.

ఈ ఏడు శంఖం తరళ చేతికి వచ్చింది.

ఆమె తండ్రి సింధుదత్తుడు బతికినన్నాళ్ళూ శంఖమంచె మీద నిలబడి సముద్రాన్ని చదివిన మనిషి. ఆయన పోయి ఇంకా రెండు నెలలు కాలేదు. ఆయన చెప్పులు గుమ్మం పక్కన విడిచిన చోటే ఉన్నాయి. శంఖం కూతురికి రావడంలో ఎవరికీ పేచీ లేదు. ఆమె గుండెలో ముల్లు వేరే ఉంది. అది ఆయన కంబళి.

నీలం అంచున్న ముతక కంబళి అది. చిన్నప్పుడు తరళ దాని కింద దూరి, సముద్రపు హోరు వింటూ నిద్రపోయేది. మాట పడిపోకముందు ఆయన దాన్ని మడిచి, కూతురు గుమ్మంలో నిలబడి చూస్తుండగానే, భద్రుడి చేతుల్లో పెట్టాడు. అతడి చెవిలో ఏదో చెప్పాడు కూడా. ఆమెకు వినపడలేదు.

ఈ భద్రుడు ఎక్కడివాడో ఎవరికీ తెలియదు. రెండేళ్ళ కిందట పడవ చెక్క పట్టుకుని ఒడ్డుకు కొట్టుకొచ్చాడు. మెడలో పెద్ద కాసంత రాగి బిళ్ళ ఉండేది. అడిగితే తాయెత్తు అనేవాడు. పడవల పాకలో ఒంటరిగా ఉంటే, ఆ పాకకు తరళ ఇంటిని జంట గడప చేశారు. అప్పటి నుంచి సింధుదత్తుడు సాయంకాలాలు అతణ్ణి పక్కన కూర్చోబెట్టుకుని అలల రంగూ మబ్బుల నడకా నేర్పాడు. అంతకుముందు కూతురికి నేర్పినవే. కాకపోతే ఆమెకు నేర్పేటప్పుడు కసిరేవాడు. అతడికి నేర్పేటప్పుడు నవ్వేవాడు.

ఇంట్లో ఉన్న ఒక్క దిక్కు, తండ్రిని కన్న అవ్వ. ఆవిడ కూడా లేస్తే భద్రయ్య, కూర్చుంటే భద్రయ్య.

"వాడి వీపు మీద ఎక్కితే పల్లకీలో పోతున్నట్టే ఉంటుందే," అన్నది పున్నమికి ముందు రోజు, వక్క దంచుకుంటూ. "నీ అయ్య తిరునాళ్ళకు మోసేవాడు చూడు, ఎడ్లబండి మీద కుండల్లా నా ఎముకలన్నీ గలగలలాడేవి."

"అయితే వాడినే మనవడు చేసుకో."

"చేసుకుందును. నువ్వు ఇట్లా మూతి ముడిస్తే ఎట్లా?"

తరళ బిందె తీసుకుని బావి దగ్గరికి పోయింది. బావి దగ్గర తాళ్ళవాడు ఒకడు కూర్చుని ఉన్నాడు. బాన పొట్ట, బుజాన పసుపు పచ్చని నారతాళ్ళ చుట్టలు. మాటిమాటికీ నాలుకతో పెదవులు తడుపుకుంటున్నాడు. ఎండ మండిపోతున్నా వాడు కూర్చున్న చోట మట్టి తడిసి ఉంది.

"జంట ఇంటికి మూట కడుతున్నావా తల్లీ? మంచి తాడు ఉంది."

"మా ఇంట్లో ఉంది."

"ఆ పడవల పాకవాడికేగా? వాడికి మీ ఇంటి తాడు దేనికిలే. మీ ఇంటి కంబళి ముందే పట్టుకుపోయాడు."

బిందె దింపుతున్న తరళ చేయి ఆగింది.

"వాడి అరచేతులు ఎప్పుడైనా చూశావా? అవి తెడ్డు పట్టిన కాయలు కావు, కత్తి పట్టిన కాయలు. వేషం మార్చుకుని వచ్చినవాడు. నిన్న కంబళి, నేడు మీ అవ్వ, రేపు శంఖం. నువ్వు మాత్రం వాడికి బెల్లమూ అటుకులూ కట్టి ఇవ్వు."

కాయల సంగతి తరళకు ముందే తెలుసు. ఆమె వాడి తాళ్ళ వంక చూసింది. తాళ్ళవాడు గొంతు తగ్గించాడు.

"ఈ చుట్ట చూడు. ఎండలో ఇనుము. ఉప్పునీరు తగిలిందా, పీచు పీచుగా విడిపోతుంది. రేపు ఉప్పుకయ్య దాటేటప్పుడు ఊరందరి ముందూ నడుంలోతు నీళ్ళలో బోర్లా పడతాడు. ప్రాణానికేమీ కాదు, నలుగురూ నవ్వుతారు, అంతే. ఏమీ ఇవ్వక్కర్లేదు, ఊరికే తీసుకో. పడేటప్పుడు వాడి మెడలో రాగి బిళ్ళ జారిపోతే మాత్రం... సరే, అది నా గొడవలే."

తండ్రి బతికి ఉంటే ఆ తడిసిన మట్టి చూసి లేచి నిలబడేవాడు. సముద్రంలోని పీతబండ మీద కుంభజిహ్వుడనే మాంత్రికుడు సన్నమూతి రాగి బిందెలో ఉప్పెనను దూడను సాకినట్టు సాకుతున్నాడనీ, హేమకందర రాజ్యాన్ని ఒక్క పూటలో ముంచాడనీ, ఆ బిందె మూత మాత్రం ఎవరో ఎత్తుకుపోయారనీ పడవలవాళ్ళు చెప్పుకోవడం తరళ ఎన్నోసార్లు విన్నది. కానీ ఆ క్షణాన ఆమె కళ్ళ ముందు ఉన్నది భద్రుడు నీళ్ళలో బోర్లా పడడం, జనం పగలబడి నవ్వడం. తాడు తీసుకుంది.

ఇంటికి వచ్చి అవ్వతో అన్నది, "రేపు నువ్వు రావద్దు. మోకాలు వాచింది కదా. నీ బదులు భద్రుడు బియ్యం బస్తా మోస్తాడు. జబ్బువాళ్ళకు అట్లా ఒప్పుకుంటారు."

"నేను బియ్యం బస్తానా?" అన్నది అవ్వ. తరువాత ఏమీ అనలేదు. అవ్వ ఏమీ అనలేదంటే ఒప్పుకున్నట్టు కాదని తరళకు గుర్తు రాలేదు.

పున్నమి ఉదయం గడపల దగ్గర మూటలు చేతులు మారాయి. గానుగ ఈరయ్య తన జంట ఇంటి కంసాలి కనకవల్లిని నిలదీస్తున్నాడు: "పోయిన ఏడు నువ్వు పెట్టిన బెల్లం కొరికి నా పన్ను ఊడింది. ఈసారైనా మనుషులు తినేది పెట్టావా?"

"నీ నూనె అటుకులు తిని మా ఆయన మూడు రోజులు చెంబు వదలలేదు. ఆ లెక్క ఎవరు తీరుస్తారు?"

భద్రుడు తన మూట తెచ్చి తరళకు అందించాడు. మామూలు కంటే బరువుగా, ముద్దగా ఉంది. తరళ తన మూట అతడి చేతిలో పెట్టింది. అతడు రెండు చేతులతో అందుకుని, "ముడి బాగా వేశావు," అన్నాడు.

"చూసుకోకుండానే మెచ్చుకోకు."

"మీ అయ్య ముడి ఇది. చూడకపోయినా తెలుస్తుంది."

ఆ మాటతో ఆమె ఒళ్ళు మండింది. అయ్య ముడి సంగతి వీడు తనకు చెప్పడమా! మూట విప్పి చూడకుండానే మంచె మెట్లెక్కి ఒక మూలకు విసిరేసింది.

శంఖమంచె ఉప్పుకయ్య అనే సముద్రపు పాయ ఒడ్డున నల్లరాతితో కట్టినది. ఎడమ చేతి వైపు ఊరు, గట్టు. కుడి వైపు కయ్య, కయ్య అవతల సముద్రపు ఒడ్డున కొన్ని ఇళ్ళు. అందులో ఒకటి తరళది. వెనకటి ఉప్పెన కయ్య మీది వంతెనను తుడిచిపెట్టింది కాబట్టి, సాధన రోజున అవతలివాళ్ళు తరువాత కట్టిన కొత్త వంతెన వదిలి, రెండు ఒడ్డుల గుంజలకు తాడు బిగించి, అది పట్టుకునే దాటాలి. మొదటి ఊదుకు జంట గడపకు పోవాలి. రెండో ఊదుకు గట్టెక్కాలి. కయ్య ముఖాన ఉన్న మొసలిరాయి కంటి దాకా నీరు వస్తే మూడో ఊదు. అప్పుడు గట్టు వాకిలి మూసి బంకమన్నుతో మెత్తేస్తారు. బయట ఎవరున్నా, రాజే ఉన్నా, ఇక తెరవరు. సాధన రోజున మొసలిరాయి దాకా నీరు ఎప్పుడూ రాదు కనుక ఆ మూడో ఊదు ఊరి మీద మోగగా తరళ ఎన్నడూ వినలేదు. దాన్ని ఊదడం మాత్రం తండ్రి నేర్పాడు, కసురుతూ.

ఆమె మొదటి ఊదు ఊదింది. వీధులు ఒక్కసారిగా కదిలాయి. ఈరయ్య కనకవల్లి అత్తగారిని బుజానికెత్తుకున్నాడు. ఆవిడ దారి పొడుగునా అతడి నెత్తి మీద విసనకర్రతో కొడుతూ, "ఎద్దూ, ఎడమకు తిరుగు!" అంటున్నది. పిల్లలు మేకల్ని తోలుకుంటూ కేరింతలు కొడుతున్నారు.

తరళ నవ్వుకుంటూ సముద్రం వైపు తిరిగింది. నవ్వు ఆగిపోయింది.

నీటి మీద ఒక్క పక్షి లేదు. నిన్నటి దాకా నీలంగా ఉన్న సముద్రం కొత్తగా తోమిన రాగి పళ్ళెం రంగులో మెరుస్తున్నది. ఆకాశం అంచున, పీతబండ అవతల, ఒక గీత లేచి నిలబడింది. ఆ గీత దగ్గరవుతున్నది. బండ మీద బాన పొట్టవాడొకడు బిందె వంచి పట్టుకుని నిలబడ్డాడు. వాడి నాలుక మొలతాడు దాకా వేలాడుతున్నది. బుజాన పసుపు పచ్చని తాళ్ళ చుట్టలు ఉన్నాయి.

"అమ్మో, తాళ్ళవాడు," అనుకున్నది తరళ. రెండో ఊదు ఊదింది, రొమ్ము పగిలేటట్టు.

కుంభజిహ్వుడు సాధన రోజును కావాలనే ఎంచుకున్నాడు. శంఖం మోగితే జనం ఆట అనుకుని అలసత్వం చేస్తారని వాడి ఎత్తు. ఈ దీవిలో ఆటకూ ఆపదకూ పరుగు ఒకటేనని వాడికి తెలియదు. జనం ఆట అనుకున్నారు నిజమే. ఆట అనుకునే, గట్టు ఊడ్వవలసి వస్తుందన్న భయంతో, ముసలివాళ్ళనూ బాలింతలనూ మోసుకుంటూ, నవ్వులూ తిట్లూ కలగలిపి వాకిట్లోకి దూసుకుపోయారు. "మా జంట గడప ఖాళీ! మా జంట గడప ఖాళీ!" అన్న కేకలు మంచె మీదికి వినపడుతున్నాయి. కయ్య అవతలి ఇళ్ళు ఒక్కటొక్కటే ఖాళీ అయ్యాయి.

ఒక్క ఇల్లు తప్ప. తరళ ఇంటి ముందు భద్రుడు బియ్యం బస్తా బుజాన పెట్టుకుని నిలబడ్డాడు. అవ్వ గుమ్మంలో నడుము మీద చేతులు పెట్టుకుని ఏదో అంటున్నది. మాటలు వినపడకపోయినా తరళకు అర్థమైంది. అవ్వ బస్తాను దించమంటున్నది. తనను ఎత్తుకోమంటున్నది. భద్రుడు నవ్వి బస్తా దించాడు. అవ్వను వీపు మీద ఎక్కించుకుని, పొడిబట్టతో తనకు కట్టుకుని, కయ్య వైపు నడిచాడు. అతడి చేతిలో పసుపు పచ్చని తాడు ఉంది.

"ఆ తాడు వద్దు!" అని అరిచింది తరళ. "భద్రా! పారేయ్! పారేయ్!"

గాలి ఆ కేకను గట్టు వైపు ఎత్తుకుపోయింది. భద్రుడు ఆమె చేయి ఊపడం చూశాడు. తొందరపెడుతున్నదనుకున్నాడు కాబోలు, తనూ చేయి ఊపాడు. తాడును ఊరి వైపు గుంజకు ఉచ్చు విసిరి బిగించి, రెండో కొసను నడుముకు చుట్టుకుని, నీళ్ళలో దిగాడు.

అప్పుడే కయ్య ఉబ్బింది. నడుంలోతు నీరు బుజాలకు వచ్చింది. ఉప్పునీటిలో తడిసిన తాడు పీచు పీచుగా విడిపోలేదు. ఒళ్ళు విరుచుకుంది. పసుపు పచ్చని పొలుసులు తొడుక్కుంది. గుంజను వదిలి, తల ఎత్తి, భద్రుడి నడుమునూ అవ్వ కాళ్ళనూ కలిపి చుట్టేసి, వాళ్ళను సముద్రం వైపు లాగడం మొదలుపెట్టింది.

బండ మీది నుంచి కుంభజిహ్వుడి నవ్వు నీళ్ళ మీదుగా దొర్లుకుంటూ వచ్చింది. "రమ్ము, హేమకందర రాకుమారా! రెండేళ్ళుగా మెడలో వేసుకు తిరుగుతున్న నా బిందె మూత నాకు ఇచ్చిపో!"

తరళ మొసలిరాయి వైపు చూసింది. నీరు దాని కంటిని తాకింది.

ఇప్పుడు ఊదితే వాకిలి మూస్తారు. అవ్వ బయట. ఊదకపోతే నీరు వాకిట్లోకి చొరబడుతుంది. గోడ లోపల ఊరంతా ఉంది. కనకవల్లి అత్తగారు, ఈరయ్య, మేకల్ని తోలుకుపోయిన పిల్లలు. ఊదకుండా ఒక్క క్షణం ఆగింది తరళ. ఆ క్షణంలో తండ్రి ఎందుకు కసిరేవాడో అర్థమైంది. భద్రుడికి ఒడ్డున నా అన్నవాళ్ళు ఎవరూ లేరు. వాడికి నవ్వుతూ నేర్పవచ్చు. ఇంటివాళ్ళు కళ్ళ ముందే ఉన్న మనిషికి ఈ మూడో ఊదు నవ్వుతూ నేర్పేది కాదు.

శంఖం ఎత్తి ఊదింది. కళ్ళ నుంచి నీరు కారుతున్నా ఊపిరి తడబడలేదు. గట్టు వాకిలి మూసుకున్న చప్పుడు వినపడింది.

తాడు కావాలి. మంచె అంతా వెతికింది. మూలన భద్రుడు ఇచ్చిన మూట కనపడింది. పళ్ళతో ముడి లాగి విప్పింది. అటుకులు. నువ్వులు కలిపిన బెల్లం, ఆమెకు ఇష్టమైనది. మూడు పాయలు పేని, మైనం రాసిన కొత్త నారతాడు. వాటన్నిటినీ చుట్టి ఉన్న పొడిబట్ట నీలం అంచున్న కంబళి.

తరళ ఆ అంచును పిడికిట్లో పట్టుకుంది. ఎవరి మూట వారు కట్టుకోకూడదు. ఇంటివాళ్ళు ఇంటివాళ్ళకు కట్టకూడదు. ఆపద నాడు కూతురి ఒంటి మీద తన కంబళి ఉండాలంటే తండ్రికి ఉన్న దారి ఒక్కటే, దాన్ని జంట గడపవాడి చేతిలో పెట్టడం. ఆయన చెవిలో చెప్పినది అదే అయి ఉండాలి.

ఏడవడానికి వ్యవధి లేదు. తాడు ఒక కొస మంచె స్తంభానికి, రెండో కొస నడుముకు బిగించింది, అయ్య ముడితో. కయ్యలోకి దూకింది.

నీళ్ళు ఆమెను గిరగిర తిప్పి విసిరాయి. రెండు మునకల తరువాత ఒక ముడతల చేయి, తడిసిన జడ తగిలాయి. పట్టుకుంది. నారతాడు కంగుమని బిగిసింది కానీ తెగలేదు.

"ఓసే పిల్లా, జడ పట్టుకోకే!" అని పళ్ళ సందున అరిచింది అవ్వ.

పాము రెండో చుట్టు వేస్తున్నది. భద్రుడు మొలలో కత్తి లాగాడు. ఒక్క వేటుకు పామును నరకడం సాధ్యం కాదు. అవ్వ కాళ్ళను చుట్టిన తోకను తెగనరికి, అవ్వను తన వీపుకు కట్టిన బట్టను కోసి, ఆమెను తరళ మీదికి తోశాడు.

"అవ్వను తీసుకో!"

"తాడు నేనే ఇచ్చాను!" అన్నది తరళ. ఆ హోరులో ఆమెకు చెప్పాలనిపించినది అదొక్కటే. "తెలిసే ఇచ్చాను, భద్రా!"

అతడు ఆమె వంక చూశాడు. ఏదో అనబోయాడు. పాము అతణ్ణి నీటి కిందికి లాగేసింది. మళ్ళీ కనపడినప్పుడు పీతబండ దగ్గర, మాంత్రికుడి కాళ్ళ ముందు ఉన్నాడు. వెనక రెండో అల, మొదటి దానికి తల్లిలా, నెమ్మదిగా లేస్తున్నది. గట్టు గోడ కంటే ఎత్తుగా.

తరళ తాడు పట్టుకుని చేయి మీద చేయి వేస్తూ అవ్వను మంచె మెట్ల మీదికి చేర్చింది. అవ్వ మంచె రాతికి చేరగిలబడి, ఊపిరి తీసుకుని, బుగ్గలో నుంచి ఏదో తీసి అరచేతిలో ఉమ్మింది. పెద్ద కాసంత రాగి బిళ్ళ, దాని దారంతో సహా.

"పాము చుట్టుకోగానే భద్రయ్య నా చెవిలో చెప్పాడే, ఇది బిందె మూతట, ఇది పెడితేనే ఉప్పెన మళ్ళీ లోపలికి పోతుందట," అన్నది ఆయాసపడుతూ. "ఏ కొంప మునిగినా ఇది మాత్రం ఆ బండ మీదివాడికి దొరకకూడదన్నాడు. చేతిలో పెట్టుకుంటే జారుతుందని నోట్లో పెట్టుకున్నా. రుచి మహా చెడ్డది."

బండ మీద కుంభజిహ్వుడు భద్రుడి మెడ తడుముతున్నాడు. బిళ్ళ లేదు. వాడి నాలుక కోపంతో నల్లబడింది. తల తిప్పి మంచె వైపు చూశాడు.

తరళ కంబళి విప్పి అవ్వకు కప్పింది. అవ్వ దాని అంచు తడిమి చూసింది. ఎవరిదో చెప్పక్కరలేకపోయింది.

"నువ్వు ఇక్కడే ఉండు. పై మెట్టు దాకా ఎక్కి కూర్చో."

"నువ్వో?"

మంచె కాలికి కట్టిన దోనె అలలకు ఎగిరెగిరి పడుతున్నది. తరళ రాగి బిళ్ళను మెడలో వేసుకుంది, నారతాడు బుజాన చుట్టుకుంది, దోనెలోకి దూకి తెడ్డు అందుకుంది.

"మా జంట గడప ఇంకా ఖాళీ కాలేదు, అవ్వా," అన్నది. కట్టు కోసి, లేస్తున్న ఆ రాగి గోడకు ఎదురుగా దోనెను తిప్పింది.